ఆరువేల అయిదువందల డిగ్రీల చలి

చలి ముదిరే తూబా నెల మొదటి మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి షఫీక్ మేష్టారు నా కరెంటు సామాన్ల కొట్టుకి వచ్చారు. చేతిలో పాత పేపర్లో చుట్టిన బల్బు ఉంది. వంద వాట్ల పాత రకం. లోపల తీగ తెగింది, గాజు నల్లబడింది.

"ఇలాంటివి రెండు ఇయ్యిరా వగీహ్."

"లేవు మేష్టారూ. అవి రావడం మానేసి నాలుగేళ్ళయింది. టాంటా పట్నంలో కూడా దొరకవు."

"అయితే ఉన్నవాటిలో బాగా వేడెక్కేది ఇయ్యి."

"ఉన్నవాటిలో వేడెక్కేది ఏదీ లేదు."

బేరం అక్కడితో అయిపోవాలి. అవలేదు.

షఫీక్ మేష్టారు మా పిన్ని బహీగా భర్త. ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఊరి బడిలో సైన్సు చెప్పారు. నాకూ చెప్పారు కాబట్టి బాబాయ్ అనడం నాకు అలవాటు కాలేదు. పిన్ని పని కోడిపిల్లలు పెంచడం. చలికాలంలో ఊరి ఆడవాళ్ళు గుడ్డులోంచి వచ్చిన మర్నాడే పిల్లల్ని తెచ్చి ఆవిడ దగ్గర వదులుతారు. మూడు వారాలు ఆవిడ వాటిని వెచ్చగా ఉంచి, రెక్కలొచ్చాక ఎవరివి వాళ్ళకి ఇస్తుంది. ఏ ఇంటివో తెలియడానికి ఇంటికో గుర్తు. ఒకరివాటికి తల మీద బట్టల నీలిమందు చుక్క, ఒకరివాటికి రెక్క మీద గోరింటాకు, ఒకరివాటికి కాలికి ఎర్ర దారం. ఏ గుర్తూ లేనివి పిన్నివి.

ఆ తూబాలో ఆరు ఇళ్ళవాళ్ళు ఇంటికి ఇరవై చొప్పున తెచ్చారు. పిన్నివి ముప్ఫై. మొత్తం నూట యాభై. గదిలో ఒక మూల అట్టపెట్టెలు నిలబెట్టి, పైన గోనె కప్పి, నడుమ రెండు వంద వాట్ల బల్బులు వేలాడదీసింది. అదే వాటి గూడు. మా ఊళ్ళో మిగిలిన వేడి బల్బులు ఆ రెండే. ఒకటి ఆదివారం మాడింది. రెండోది మంగళవారం పొద్దున. పిన్ని ఊళ్ళో లేదు. చిన్ననాటి స్నేహితురాలి భర్త పోతే పలకరింపుకి సోమవారం మహల్లా పట్నం వెళ్ళింది. పిల్లల్ని మేష్టారికి అప్పజెప్పి వెళ్ళింది.

ఆ పిల్లలు పరాయివాళ్ళ సొత్తు. అవి చస్తే పిన్ని మాట పోతుంది. మాట పోతే వచ్చే తూబాలో ఎవరూ తీసుకురారు. ఆవిడకి వేరే పని రాదు.

మేష్టారు అలమర దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, డబ్బాల మీద రాసింది చదవడం మొదలుపెట్టారు.

"ఇదేమిటి? రెండువేల ఏడువందలు, పక్కన కె. ఇక్కడేమో ఆరువేల అయిదువందలు, కె. కె అంటే ఏమిట్రా?"

"కెల్విన్."

"కెల్విన్ దేనికి కొలత?"

"వేడికే. కానీ ఇక్కడ..."

"వేడికే అన్నావు. అయిపోయింది. రెండువేల ఏడువందలు పెద్దదా, ఆరువేల అయిదువందలు పెద్దదా?"

"మేష్టారూ, అది బల్బు వేడి కాదు. వెలుగు రంగుకి పెట్టిన అంకె. ఏదైనా వస్తువుని అంత వేడికి కాలిస్తే ఏ రంగులో వెలుగుతుందో, ఆ రంగు ఇది ఇస్తుందని అర్థం. దీన్ని ఎవరూ కాల్చలేదు. రంగు మాత్రమే ఉంది."

"కాలకుండా రంగు ఎలా వస్తుందిరా? దసూకీ! ఓ దసూకీ!"

దసూకీ కమ్మరి. నా కొట్టు పక్కదే అతని కొలిమి. పట్టకారు చేత్తో పట్టుకునే వచ్చాడు.

"కొలిమిలో ఇనుము ముందు ఏ రంగులోకి వస్తుంది?" అని మేష్టారు అడిగారు. బడిలో అడిగినట్టే చూపుడువేలు ఎత్తి అడిగారు.

"ఎరుపు."

"ఇంకా ఊదితే?"

"పసుపు."

"ఇంకా?"

"తెలుపు. అప్పుడు దగ్గరికి రాకూడదు. నా మొహం చూడండి." దసూకీకి కుడివైపు కనుబొమ్మ లేదు.

"విన్నావా? పసుపు కంటే తెలుపు వేడి. డబ్బా మీద అంకె అదే చెబుతోంది, కొలిమి అదే చెబుతోంది. ఉష్ణం పాఠంలో ఇరవైకి ఆరు తెచ్చుకున్నవాడివి, నువ్వొక్కడివే కాదంటున్నావు."

అది పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఊళ్ళో నాకు ఎవరైనా ఎదురు చెప్పాలంటే ఇప్పటికీ ఆ ఆరు మార్కులే తీస్తారు.

అప్పటికి ఫాయిఖా అత్త లోపలికి వచ్చి నిలబడి వింటోంది. ఆవిడ ఇల్లు కాలవ అవతల. పిన్ని దగ్గరున్న నీలిచుక్క పిల్లలు ఆవిడవే.

"తెలుపు వేడా? మీ చదువు తగలెయ్య," అంది. "మంచు ఏ రంగు? శవం మీద గుడ్డ ఏ రంగు? నిప్పు ఏ రంగు? పొయ్యిలో మంట చూసిన ఆడదాన్ని అడగాలి గానీ కమ్మర్ని అడుగుతారా? నా పిల్లలకి పసుపుది పెట్టండి మేష్టారూ. వగీహ్, నాక్కూడా పసుపుది ఒకటియ్యి. మోకాళ్ళు పట్టేశాయి. దాని కింద కూచుంటా."

"అత్తా, అది మోకాళ్ళకి పనిచెయ్యదు."

"ఎందుకు చెయ్యదు?"

"అది కూడా వేడెక్కదు కాబట్టి. తెల్లదీ వేడెక్కదు, పసుపుదీ వేడెక్కదు. ఇదిగో చూడండి, ఇక్కడ చిన్న అక్షరాల్లో తొమ్మిది వాట్లని ఉంది. మీ పాత బల్బు మీద వంద ఉంది. చూడాల్సిన అంకె ఇది. తొమ్మిదికి తొమ్మిదంతే వేడి."

"తొమ్మిదా?" అన్నారు మేష్టారు. "ఆరువేల అయిదువందలు కళ్ళముందుంటే తొమ్మిది చూడమంటాడు."

నేను బల్లమీద చేతులు ఆన్చి మళ్ళీ మొదలుపెట్టాను.

"మేష్టారూ, మీరు మక్కా వెళ్ళొచ్చినప్పుడు అందరిలాగే మీ ఇంటి గోడమీద ఓడ బొమ్మ వేయించారు. అవునా? ఆ ఓడెక్కి జెద్దా రేవుకి పోగలరా?"

"నేను విమానంలో వెళ్ళాను."

"సరే. గోడమీద ఓడ ఓడ కాదు. డబ్బా మీద వేడి వేడి కాదు. ఆ రంగు ఎంత వేడికి వస్తుందో చెప్పే బొమ్మ అది."

ఆయన కాసేపు ఆలోచించారు. నాకు ఆశ కలిగింది.

"నా ఓడ మీద అంకె రాయలేదుగా," అన్నారు.

దసూకీ నవ్వాడు. ఫాయిఖా అత్త, "అదీ మాట," అంది.

రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు. ఆ పొద్దున అప్పటికే ఒకాయన తెల్ల బల్బు పెడితే వేసవిలో ఇల్లు చల్లబడుతుందా అని అడిగి వెళ్ళాడు. నాకు విసుగొచ్చింది. ఆరువేల అయిదువందలవి నాలుగు సంచిలో వేసి ఇచ్చాను. ఫాయిఖా అత్తకి పసుపుది ఒకటి ఇచ్చాను. ఇద్దరూ గెలిచినవాళ్ళలా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

బుధవారం పది గంటలకి పిన్ని వచ్చింది.

మహల్లా నుంచి మొదటి బస్సుకి దిగిందట. పలకరింపుకి తొడుక్కున్న పొడుగాటి నల్ల గలబీయా అంగీ ఇంకా మార్చుకోలేదు. చంకలో రొట్టెల బుట్ట. బుట్ట మీద కప్పిన గుడ్డ తీసి, బల్లమీద, ప్లగ్గుల పక్కన, కోడిపిల్లల్ని ఒక్కొక్కటే పరిచింది. పద్నాలుగు. అన్నీ చచ్చినవే. ఏడింటికి నీలి చుక్కలున్నాయి.

కొట్టులో ఉన్న ఇద్దరు పక్కకి జరిగారు. మేష్టారు వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇవి నువ్విచ్చిన బల్బుల కింద చచ్చాయి," అంది పిన్ని. ఆవిడ గొంతు పెంచలేదు. "ఈ పెద్దమనిషి నిన్న సాయంత్రం వాటిని చూశాడట. అన్నీ ఒకచోట చేరి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయట. బల్బు నచ్చిందనుకున్నాడట."

"గుమిగూడాయి," అన్నారు మేష్టారు. "దీపం కిందే గుమిగూడాయి. వేడి లేనిచోట ఎందుకు చేరతాయి?"

"చలేస్తే చేరతాయి! వెచ్చగా ఉంటే చెదిరి పడుకుంటాయి. నలభై ఏళ్ళుగా నా పక్కన ఉంటున్నావు, ఇది తెలీదా నీకు? పైనున్నవి కిందవాటిని తొక్కాయి. కిందవి ఇవిగో."

"బహీగా, శాస్త్రప్రకారం..."

"నీ శాస్త్రాన్ని బుట్టలో పెట్టి తెచ్చాను. చూసుకో." పిన్ని నా వైపు తిరిగింది. "మిగతావాటి మధ్య వేడినీళ్ళ సీసాలు గుడ్డల్లో చుట్టి పెట్టొచ్చాను. గంటకి చల్లారతాయి. ఇప్పుడు చెప్పు. నీ దగ్గర వేడిది ఏదుంది?"

"ఏదీ లేదు పిన్నీ. నిన్న మేష్టారికి చెప్పాను."

"చెప్పి మరి అమ్మావెందుకు?"

విసుగొచ్చి అమ్మానని చెప్పాలి. అదే చెప్పాను.

"విసుగా," అంది పిన్ని. "నీకు విసుగు, ఆయనకి శాస్త్రం. పోయినవాటిలో సగం ఫాయిఖావి."

దసూకీ అప్పటికి గుమ్మం దగ్గరికి వచ్చాడు. బల్ల మీద ఉన్నవి చూశాడు.

పిన్ని నన్ను ఒక తెల్ల బల్బు, ఒక పసుపు బల్బు వెలిగించమంది. పరీక్షకి బల్లమీద బిగించిన రెండు హోల్డర్లలో పెట్టి వెలిగించాను. అయిదు నిమిషాలు ఉంచమంది. తరవాత ఆర్పమంది. తెల్లదాన్ని విప్పి, కళ్ళు మూసుకుని, గాజు బుర్రని ఎడమ కనురెప్పకి ఆనించుకుంది.

ఇది ఆవిడ వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. మా తాత గుడ్లు పొదిగించే మట్టికొట్టంలో పనిచేశాడు. అక్కడ కోడి ఉండదు, యంత్రం ఉండదు. కింద నిప్పు, పైన గుడ్లు. గుడ్డుకి వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని కనురెప్పకి ఆనిస్తారు. చెయ్యి పనివల్ల కాయకాచి అబద్ధం చెబుతుంది, రెప్ప చెప్పదు అనేవాడు తాత.

పిన్ని తెల్లది కింద పెట్టి పసుపుది ఆనించుకుంది. కళ్ళు తెరిచింది.

"రెండూ ఒకటే. నా చెయ్యి పాటి లేవు," అంది. మళ్ళీ పసుపుదాన్ని తిప్పి, బిగించేచోట, మెడ దగ్గర రెప్పకి తగిలించి చటుక్కున తీసేసింది. "వేడి ఇక్కడుంది. మెడలో. ఎంతుంది?"

"మొత్తం కలిపినా తొమ్మిది వాట్లు పిన్నీ. తెల్లదానికీ అంతే, పసుపుదానికీ అంతే. నీ పాత బల్బుకి వంద."

"అంటే ఇలాంటివి పదకొండు పెడితే పాతది ఒకటి."

"అంతే."

"నాకు రెండుండేవి. ఇరవై రెండు బల్బులు వేలాడదీసి పిల్లల్ని మెడలెక్కి పడుకోమని చెప్పాలి." ఆవిడ ఒకసారి విని లెక్కకట్టేసింది. బీఎస్సీ చదివిన మనిషికి నిన్న రెండుసార్లు చెప్పాను.

"ఎలక్ట్రిక్ హీటరు?" అన్నాడు దసూకీ.

"గడ్డి, అట్టలు, గోనె. ఇల్లు తగలబడుతుంది." పిన్ని చచ్చిన పిల్లల్ని మళ్ళీ బుట్టలో పెట్టసాగింది. చివరిదాన్ని పెట్టి ఆగింది. మేష్టారి వైపు తిరిగింది.

"నా పొయ్యి మీద ఏముంది?"

మేష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అడుగుతున్నాను. నా పొయ్యి మీద ఏముంది?"

"కాగితాలు," అన్నారు మేష్టారు.

పిన్ని ఇంట్లో రొట్టెల మట్టిపొయ్యి ఉంది. ఒక గదంతా ఆక్రమించి ఉంటుంది. కింద మంట పెట్టే నోరు, పైన చదునుగా గట్టు. పూర్వం తూబాలో ఇంటిల్లిపాదీ ఆ గట్టు మీదే పడుకునేవాళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట గ్యాసు పొయ్యి వచ్చాక దాన్ని ఎవరూ వెలిగించలేదు. మేష్టారు ఉద్యోగం మానేసిన రోజు బడినుంచి తన పుస్తకాలు, ముప్ఫై ఒక్క ఏళ్ళ పరీక్ష కాగితాలు తెచ్చి ఆ గట్టుమీద పేర్చారు. గదికి గ్రంథాలయం అని పేరు పెట్టారు. తలుపు మీద రాయించారు కూడా.

కొట్టు మూసి నేనూ వెళ్ళాను. దసూకీ కొలిమి ఆర్పి వచ్చాడు. టుక్‌టుక్‌లో నలుగురం, బుట్ట.

గట్టు ఖాళీ చెయ్యడానికి గంటా పావు పట్టింది. పనికంటే మేష్టారి మాటలకి ఎక్కువ పట్టింది.

"అవి అలా పడెయ్యకు. అవి సంవత్సరాల వారీగా ఉన్నాయి."

"ఎవరి సంవత్సరాలు? ఆ పిల్లలందరికీ పిల్లలు పుట్టారు."

"దసూకీ, ఆ కట్ట నీళ్ళ దగ్గర పెట్టకు! అది తొంభై ఎనిమిది!"

"మేష్టారూ, ఇందులో నాది ఉందా?" అన్నాడు దసూకీ.

"నువ్వు పరీక్షకే రాలేదు."

కోడిపిల్లలు అరుస్తున్నాయి. సీసాలు చల్లారాయి. పిన్ని మళ్ళీ నీళ్ళు కాచి నింపి పెట్టింది. ఆ లోపల ఇంకో రెండు చచ్చాయి. ఒకటి గోరింటాకుది, ఒకటి గుర్తు లేనిది. వాటిని బుట్టలో వేసేటప్పుడు పిన్ని మేష్టారికి చూపించి వేసింది. ఆ తరవాత ఆయన మాట తగ్గింది. కట్టలు తనే మోశారు.

పొయ్యి నోట్లో పత్తికట్టె పేర్చి, అంటించడానికి కాగితం కావాలంది పిన్ని. చేతికందిన కట్ట తనే విప్పింది. మేష్టారు చూసి కళ్ళు మూసుకున్నారు. ఏ సంవత్సరందో నాకు కనిపించలేదు. నా ఆరు మార్కులు అందులో ఉన్నాయో లేదో తెలియదు. ఉంటే బాగుండుననుకున్నాను.

తొమ్మిదేళ్ళుగా వెలగని పొయ్యి ముందు పొగ వదిలింది. పొగగొట్టంలో పిచ్చుక గూడుంది. దసూకీ పైకెక్కి కడ్డీతో పొడిచాడు. మధ్యాహ్నం రెండింటికి మంట నిలబడింది. గట్టు మీద పిన్ని ఇసుక జల్లెడపట్టి నాలుగు వేళ్ళ మందాన పరిచింది. ఇసుకలో ఒక గుడ్డు పాతిపెట్టింది. పావుగంట తరవాత తీసి రెప్పకి ఆనించుకుంది.

"ఎక్కువ." కొన్ని కట్టెలు బయటికి లాగేసింది. ఇంకో వేలు మందం ఇసుక పోసింది. మళ్ళీ పావుగంట. "ఇంకా ఎక్కువ." మళ్ళీ పావుగంట. "ఆ, ఇప్పుడు సరి."

మేష్టారు లోపలికి వెళ్ళి ఇత్తడి గొట్టంలోంచి బడి థర్మామీటరు తీసుకొచ్చారు. ఇసుకలో గుచ్చి చూశారు.

"ముప్ఫై నాలుగు," అన్నారు. జేబులోంచి పెన్సిలు తీసి అట్టముక్క మీద రాసి కూడారు. "రెండువందల డెబ్భై మూడు కలిపితే మూడువందల ఏడు. కెల్విన్లలో."

"ఏమన్నావు?" అంది పిన్ని.

"మూడువందల ఏడు కెల్విన్లు."

"పిల్లలకి కావాల్సింది మూడువందల ఏడా?"

"అవును. సరిగ్గా అంతే."

"మరి ఆరువేల అయిదువందలు పెట్టావు కదయ్యా! అది నిజంగా వేడే అయితే పిల్లలు మిగులుతాయా, ఇల్లు మిగులుతుందా, ఊరు మిగులుతుందా? కొనేటప్పుడు ఈ కూడిక చెయ్యడానికి పెన్సిలు లేదా?"

మేష్టారు అట్టముక్క వంక చూశారు. దసూకీ వైపు చూశారు. దసూకీ పొగగొట్టం వంక చూస్తున్నాడు.

"ఇది నాకు తట్టలేదు," అన్నారు. నాకు తెలిసి ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకూ తట్టలేదు. ఒక్క కూడికతో తేలిపోయేదానికి నేను గోడమీద ఓడని తెచ్చాను.

పిల్లల్ని ఇసుక మీద వదిలాం. ముందు గుంపుగా నిలబడ్డాయి. తరవాత ఒకటి కూర్చుంది. పది నిమిషాల్లో గట్టంతా చెదిరి, మెడలు చాచి పడుకున్నాయి. అరుపులు ఆగాయి. గదిలో కిటికీ చిన్నది, మేత కనిపించదు. పిన్ని మేష్టారు కొన్న తెల్ల బల్బు ఒకటి తెచ్చి పైన వేలాడదీయమంది.

"దేనికి?" అన్నారు మేష్టారు.

"చూడ్డానికి. దీపం ఇంకెందుకు?"

గురువారం మూడు చచ్చాయి. ఆ తరవాత ఒక్కటి కూడా చావలేదు. మొత్తం పంతొమ్మిది. అందులో గుర్తులున్నవి పదహారు, పిన్నివి మూడు.

మూడో వారం చివర, పిల్లల్ని అప్పజెప్పే రోజుకి ముందురోజు మేష్టారు ఒక ఉపాయం చెప్పారు. పిన్ని తన పిల్లల్లోంచి పదహారు తీసి ఆ ఇళ్ళ లెక్క సరిచెయ్యబోతోంది. ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి వాటికి కూడా నీలిమందు, గోరింటాకు పెట్టేస్తే సరి. ఎవరూ ఏమీ అడగరు.

"పెట్టను," అంది పిన్ని. "గుర్తు లేకుండానే ఇస్తాను. అడుగుతారు. అడిగినప్పుడు నువ్వే చెప్పు."

"నేనా?"

"చంపింది నేనా?"

మర్నాడు జుమ్మా నమాజు అయ్యాక ఆరుగురు ఆడవాళ్ళూ బుట్టలతో వచ్చారు. నేను అమ్మినవాణ్ణి కాబట్టి పిన్ని నన్నూ రమ్మంది. నడవలో నిలబడ్డాను. బుట్టలు నిండాయి. ఫాయిఖా అత్త తన బుట్టలో చెయ్యి పెట్టి తిప్పింది.

"ఇరవై ఉన్నాయి. పన్నెండింటికే చుక్కలున్నాయి. ఈ ఎనిమిది ఎవరివి?"

పిన్ని మేష్టారి వైపు చూసింది. మేష్టారు గొంతు సవరించుకున్నారు.

"ఏదైనా వస్తువుని వేడిచేస్తే," అని మొదలుపెట్టారు, "అది ముందు ఎరుపు, తరవాత పసుపు, ఆ తరవాత తెలుపు రంగులో ప్రకాశిస్తుంది. దీన్ని కెల్విన్ అనే ప్రమాణంతో..."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేష్టారు సూర్యుడి దాకా వెళ్ళారు. సూర్యుడి దగ్గర ఫాయిఖా అత్త ఆపింది.

"మేష్టారూ. మీరు చంపారా, లేదా?"

"చంపాను," అన్నారు మేష్టారు.

"నేను అమ్మాను," అన్నాను.

బుట్టల్లో పిల్లలు గీరుతున్నాయి. పిన్ని గోడకానుకుని నిలబడి ఉంది. చేతులు గలబీయాలో దాచుకుంది. ఆవిడ వచ్చే తూబా, ఆ తరవాతి తూబా ఆ ఆరుగురి నోళ్ళలో ఉన్నాయి.

ఫాయిఖా అత్త బుట్ట మీద గుడ్డ కప్పింది.

"నేను ఆరోజే చెప్పలేదా," అంది, "పసుపుది పెట్టమని?"

నేను నోరు తెరిచాను.

"చెప్పాను. వగీహ్ సాక్షి, దసూకీ సాక్షి. తెల్లది చలి. పసుపుది పెట్టి ఉంటే ఒక్కటి పోయేది కాదు. నేను మూడు వారాలుగా పసుపుదాని కింద కూచుంటున్నాను. మోకాళ్ళు నొప్పి లేదు."

"ఊరికే కూచుంటున్నావా అత్తా?"

"ఊరికే. దుప్పటి కప్పుకుని."

"అత్తా, అది దుప్పటి."

"దుప్పటి పోయినేడూ ఉంది. నొప్పి కూడా ఉంది."

మిగతా అయిదుగురూ తలలూపారు. నేను జేబులోంచి పసుపు బల్బు తీశాను. ఇలాంటిదేదో వస్తుందని తెచ్చుకున్నాను. నడవలో హోల్డరులో పెట్టి, మేష్టారి గడియారంతో అయిదు నిమిషాలు వెలిగించి, ఆర్పి, విప్పి ఫాయిఖా అత్త చేతికిచ్చాను. కళ్ళు మూసుకుని రెప్పకి ఆనించుకోమన్నాను. ఆనించుకుంది.

"చల్లగానే ఉంది," అంది.

"చూశారా?"

"ఇది కొత్తది కదా. నాది మూడు వారాలుగా వెలుగుతోంది. దానికి పదును పట్టింది." బల్బు నా చేతిలో పెట్టి పిన్ని వైపు తిరిగింది. "వచ్చే తూబాలో పాతిక తెస్తాను బహీగా. అడిగితే దాచకుండా చెప్పారు, అది చాలు. కానీ పసుపు బల్బు ఉండాలి. ఉంటేనే తెస్తా."

"నేనూ అంతే," అంది గోరింటాకు ఇల్లాలు.

"పిన్నీ," అన్నాను, "పొయ్యి ఉంది కదా, ఆ ఇసుక చూపించు, ఆ గుడ్డు చూపించు, చెప్పు వీళ్ళకి..."

"వేలాడదియ్యి నాయనా," అంది పిన్ని.

"ఏమిటి?"

"పసుపుది వేలాడదియ్యి. గట్టు మీద, వాళ్ళకి గుమ్మంలోంచి కనబడేట్టు. పొయ్యి సంగతి నేను చూసుకుంటాను."

మేష్టారు ఏదో అనబోయారు. పిన్ని ఆయన వైపు చూసింది. ఆయన లోపలికి వెళ్ళి, నేను ఎక్కడానికి స్టూలు తెచ్చి, కదలకుండా పట్టుకున్నారు. నేను తెల్లది విప్పి పసుపుది బిగించాను. ఆడవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూశారు. ఇసుక మీద మిగిలిన పిన్ని పిల్లలు పదకొండు చెదిరి పడుకుని ఉన్నాయి.

"ఎంత వెచ్చగా ఉందో చూడు," అంది ఒకావిడ, బల్బు వంక చూస్తూ.

ఇది జరిగి ఏడాదయింది. ఈ తూబాలో పిన్ని గట్టు మీద రెండువందల పది పిల్లలున్నాయి. గ్రంథాలయం పడగ్గదిలోకి మారింది. నా కొట్టుకి ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా ఆడవాళ్ళు వస్తున్నారు. బహీగా బల్బు కావాలంటారు. అది వేడెక్కదని చెబుతాను. రెండోసారి చెబుతాను. మూడోసారి కూడా చెబుతాను, విసుగొచ్చినా చెబుతాను. ఎవరూ మానుకోరు. చివరికి ఒకటే అడుగుతాను, మీ ఇంట్లో మట్టిపొయ్యి ఉందా అని. ఉందంటే ఇస్తాను. లేదంటే అమ్మను. తిట్టుకుంటూ వెళ్ళిపోతారు.

పొయ్యి ఉంటే ఇక బల్బెందుకని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.